పలుగురాయి లోతు

ఇంకో నాలుగు చితుకులు వెయ్యి అబ్బోడా, చలి ఎముకల్లోకి దిగతా ఉంది. ఆ కట్టె టప్పున పేలింది చూడు. మా చిన్నప్పుడు రాయి అట్లా పేలేది. చెప్తా విను.

కోలారు గనుల్లో మా నాయన పని. లైన్లలో తడికెల ఇల్లు మాది. రేత్రి అందరం పడుకోని ఉంటే నేల గుమ్మని అదిరేది. గూట్లో చెంబులు గలగలమనేవి. నాయన షిఫ్టులో ఉంటే మా అమ్మకు ఇంక నిద్ర లేదు. కొంగు కప్పుకోని షాఫ్టు గేటు కాడికి పరుగెత్తేది. లైన్లలో ఆడోళ్లంతా ఆడికే వచ్చేవాళ్లు. గనిలోంచి ఇనుప బోనులో పైకి వచ్చే ఒక్కొక్కరి మొగమూ చూసుకుంటా నిలబడేవాళ్లు.

రాయి ఎందుకు పేలతాదంటావా? వేరుశెనగ బస్తాలు పేర్చిపెట్టినప్పుడు అడుగునుంచి ఒకటి లాగేస్తే, పైబరువంతా పక్క బస్తాల మీద పడతాది గదా. అట్లనే. బంగారం ఉన్న రాయి తవ్వి తీసేస్తే కొండంత బరువు చుట్టుపక్కల రాతి మీదికి పోతాది. తట్టుకున్నంత సేపు తట్టుకుంటాది, తట్టుకోలేనినాడు తుపాకి మందు లేకుండానే పగిలి మీద పడతాది. అందుకనే తవ్విన చోటల్లా గ్రానైటు రాళ్లతో గోడలు కట్టుకుంటా పోయేవాళ్లు. మా నాయన గడారితో పైకప్పు తట్టి వినేవాడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అట్లా. ఖణేల్మంటే పని. డొల్లగా మోగితే ఆడ నిలబడకూడదు. వాళ్ల బతుకంతా ఆ చెవిలోనే ఉండేది.

ఆ బంగారం ఈనాటిది కాదు. దగ్గర దగ్గర 270 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. ఆ గనుల్లోని నల్లరాయంతా సముద్రం అడుగున పొంగి గడ్డకట్టిన లావా. తరువాత భూమి లోపలి ఒత్తిడికి అది నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లోకి లోతునుంచి మరిగే నీళ్లు ఎక్కినాయి. నీళ్లలో కరిగి వచ్చిన బంగారం ఆడనే నిలిచిపోయింది, దాని చుట్టూ పలుగురాయి పేరుకుంది. మన చేలల్లో కాలికి తగిలే తెల్లరాయే అది. ఆ నల్లరాతి పట్టీ ఉత్తరం నుంచి దక్షిణానికి 80 కిలోమీటర్ల దాకా సాగి, మన కుప్పం పక్కన చిగరగుంట, బిసానత్తం దాకా వచ్చింది. రాతికి రాష్ట్రం ఎల్లలు తెలియవు గదా!

తెల్లోళ్లకు ముందే మనోళ్లు ఆడ తవ్వినారు. 1802లో వారెన్ అనే దొర సర్వేకు వచ్చి, ఈడ మట్టిలో బంగారం దొరకతాదంట అని విని, చూపించినోళ్లకు బహుమానం ఇస్తానన్నాడు. ఊరోళ్లు బండ్ల మీద మట్టి తోలుకొచ్చి ఆయన కళ్ల ముందరే కడిగితే రవ్వలు తేలినాయి. 1873లో లావెల్ అనే ఐర్లాండు సిపాయి మైసూరు సర్కారు నుంచి పట్టా తెచ్చుకున్నాడు గానీ, ఆయన చేతిలో అంత డబ్బు యాడిది? 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. డబ్బు కరిగిపోతా ఉంటే, ఇంక వదిలేద్దామనుకునే దశలో ఛాంపియన్ లోడ్ అనే పెద్ద పలుగు చార తగిలింది. ఇంక ఆగింది లేదు. 1902లో శివసముద్రం నుంచి కరెంటు లాగినారు, 148 కిలోమీటర్లు. అంత దూరం లాగడం ఆ కాలానికి ప్రపంచంలోనే గొప్ప. బెంగుళూరు బజార్లకు దీపాలు రాకముందే గనికి కరెంటొచ్చింది.

చార ఎట్ల పోతే అట్ల దిగుకుంటా 3 కిలోమీటర్లు దాటినారు. అంత లోతున రాయి ముట్టుకుంటే చెయ్యి కాలతాది. చల్లబరచిన గాలి పైనుంచి పంపినా చెమట కాలవలు కట్టేది. దుమ్ము సంగతి చెప్పాల్నా? మా నాయన దగ్గు నాకింకా చెవుల్లో ఉంది.

అంత లోతు వల్ల ఒక మంచి జరిగింది. 1965లో శాస్త్రవేత్తలు రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున పెట్టెలు పెట్టుకోని, ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినోలు అనే కంటికి కనపడని కణాలను పట్టుకున్నారు. మీద అంత రాయి ఉంటేనే మిగతా కణాలన్నీ ఆగిపోయి, అవి మాత్రం కిందికి దిగతాయంట. మా నాయన గడారితో విన్న రాతి కిందనే వాళ్లూ చెవులు రిక్కించినారని నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటాది.

తొలినాళ్లలో టన్ను రాయికి 47 గ్రాముల బంగారం వచ్చేదంట, చివరికొచ్చేసరికి 3 గ్రాములు. 120 ఏళ్లలో 800 టన్నుల బంగారం తీసి, 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. మిగిలింది, బంగారం కోసం రాతి పొడిని సయనైడ్‌తో కడిగి పోసిన తెల్లటి దిబ్బలు. గాలొస్తే ఆ పొడి ఇండ్లలోకి వస్తాది.

నీళ్లు తోడే పంపులు ఆపేసినాక గనిలో నీళ్లు నిండతా వచ్చినాయి. నీళ్లు పైకి వచ్చేకొద్దీ లోపల రాయి కదిలి, నేల మళ్లీ అదిరేది. మా నాయన పోయి అప్పటికి ఎన్నో ఏండ్లు. అయినా మా అమ్మ దిగ్గున లేచి కూర్చునేది. లోపల ఎవురూ లేరుమా, పడుకో అంటే వినేది కాదు. కొంగు కప్పుకోని వాకిట్లోకి పోయి, షాఫ్టు దిక్కు చూస్తా తెల్లారేదాకా నిలబడేది.