గొర్రెల ఇంట్లో మన గుడారం

ఊరికే వచ్చేదంటే మనకి ముందు అనుమానం, ఆ తర్వాతే ఆనందం. అరిజోనా ఎడారిలో ఫీజు కట్టకుండా, రిజర్వేషన్ లేకుండా, ఎవర్నీ అడక్కుండా పద్నాలుగు రోజులు గుడారం వేసుకుని ఉండొచ్చని ఆఫీసులో ఒకాయన చెప్పినప్పుడు నాకూ అనుమానమే వచ్చింది. ఎక్కడో 'షరతులు వర్తిస్తాయి' అని చిన్నక్షరాల్లో ఉంటుందిలే అనుకున్నా. చూస్తే ఉన్న షరతులన్నీ ఒక కాగితంలో సగానికి సరిపోయాయి. బండి రోడ్డుకి వంద అడుగుల లోపే ఉండాలి. ఏడాదిలో పద్నాలుగు రోజులకి మించి ఉండకూడదు. నీటి తావుకి పావు మైలు లోపల మకాం పెట్టకూడదు. చెత్త అక్కడ వదలకూడదు. దాదాపు అంతే.

ఆ చోటు పేరు కోఫా వన్యప్రాణి శరణాలయం. ఫీనిక్స్ వైపు ఉండేవాళ్ళకి పడమరగా రెండు రెండున్నర గంటల ప్రయాణం. క్వార్ట్‌జైట్ ఊరు దాటి దక్షిణంగా 18 మైళ్ళు వెళ్ళి, ఎడమకి తిరిగి మట్టిరోడ్డెక్కితే కొండలు ఎదురొస్తాయి. 6,65,400 ఎకరాలు. ఎకరాల్లో చెప్తే నాకూ బుర్రకెక్కలేదు గానీ, 2007లో ఏర్పడినప్పటి గ్రేటర్ హైదరాబాదుకి నాలుగింతలనుకోండి. కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, కరెంటు లేదు. చాలాచోట్ల సెల్లు పలకదు.

మొదటిసారి ముగ్గురం వెళ్ళాం, ఒక జనవరిలో. దిగీ దిగగానే మావాడొకడు నడుం మీద చేతులేసుకుని, "ఇంత స్థలం ఖాళీగా వదిలేశారేంట్రా! మన దగ్గరైతే ఈపాటికి వెంచరేసి, ఆర్చి కట్టి, ఫేజ్ టూ కూడా అమ్మేసేవాళ్ళు" అన్నాడు. నవ్వుకున్నాం. మ్యాపులో నీళ్ళ తొట్టి గుర్తొకటి కనపడితే, నీళ్ళ పక్కన హాయిగా ఉంటుందని దాని దగ్గరే దిగాం. మేకులు కూడా కొట్టేశాక ఆ సగం కాగితం గుర్తొచ్చింది. పొద్దు గూకే వేళ గుడారం పీకి, సామానంతా బండిలో పడేసి, గొణుక్కుంటూ అర మైలు అవతలికి పోయాం. "మనుషులెవరూ లేరు, జంతువులూ కనపడట్లేదు, ఎవరికోసమీ రూలు?" అని ఆ రాత్రి నేనే ఎక్కువ గొణిగాను. ఇంటికొచ్చాక ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే తేలిందేమిటంటే, కోఫా చరిత్రంతా ఆ పావు మైలు చుట్టూనే తిరుగుతుంది.

ముందు పేరు సంగతి. కోఫా అంటే ఏ ఆదివాసీ మాటో అనుకున్నా. కాదు. 1896లో చార్లెస్ ఐకెల్‌బెర్గర్ అనే ఆయనకి ఇక్కడ బంగారం దొరికింది. ఆ గనికి 'కింగ్ ఆఫ్ అరిజోనా' అని పేరు పెట్టారు. కంపెనీ సామాను మీద పొడి అక్షరాలు 'కె ఆఫ్ ఎ' అని ముద్ర కొట్టేవాళ్ళు. అదే నలిగి నలిగి కోఫా అయింది. అంతకు ముందు ఈ కొండల్ని ఎస్.హెచ్. కొండలనేవారు. దూరం నుంచి చూస్తే పెరట్లో మరుగుదొడ్డిలా ఉన్నాయని సిపాయిలు పెట్టిన మోటు పేరది. ఆడవాళ్ళు అడిగితే మాత్రం 'స్టోన్ హౌస్' అని మర్యాదగా విడమరిచేవారట. :) గని 1910లో మూతపడింది. బంగారం అయిపోయింది, పేరు మిగిలింది.

గనులవాళ్ళకంటే ముందు ఇక్కడ ఎవరూ లేరా? ఉన్నారు. యవపాయ్ జాతిలో పడమటి శాఖవాళ్ళు ఈ కొండల్లో తిరిగేవారు. ఏ రాతి గుంటలో ఏ నెల దాకా నీళ్ళుంటాయో వాళ్ళకి తెలుసు. 1870లలో సైన్యం వాళ్ళని వేటాడి రిజర్వేషన్లలోకి తోలింది. 1875 ఫిబ్రవరిలో అయితే యవపాయ్‌లనీ టోంటో అపాచీలనీ కలిపి సుమారు 1,500 మందిని చలికాలంలో 180 మైళ్ళు సాన్ కార్లోస్‌కి నడిపించారు. దారిలో వందమందికి పైగా చనిపోయారు. పాతికేళ్ళ తర్వాత మిగిలినవాళ్ళు తిరిగి రావటం మొదలుపెట్టారు. ఫోర్ట్ మెక్‌డవెల్ రిజర్వేషన్ 1903లో అలా వచ్చిన యవపాయ్‌లకి ఇచ్చిందే. అంచేత మావాడు 'ఖాళీ' అన్న స్థలం దానంతటది ఖాళీగా లేదు. ఖాళీ చేయించారు.

ఇక గొర్రెలు. బిగ్‌హార్న్ అంటారు, కొమ్ములు వెనక్కి చుట్టుకుని ఉండే కొండగొర్రెలు. నిట్టనిలువు రాళ్ళమీద మేకకన్నా తేలిగ్గా నడుస్తాయి. గనులొచ్చాక కూలీలకి మాంసం కోసం వేట, పెంపుడు గొర్రెల నుంచి అంటిన రోగాలు, పశువుల మందలతో నీళ్ళకి పోటీ, అన్నీ కలిసి వాటిని తినేశాయి. 1930ల నడిమికి ఈ కొండల్లో నూట యాభైకి మించి లేవని చెప్పుకున్నారు.

ఇక్కడ ప్రవేశిస్తాడు మేజర్ ఫ్రెడరిక్ రస్సెల్ బర్నమ్. ఈయన కథ సినిమాకి తక్కువ కాదు గానీ, హీరో అనాలో విలన్ అనాలో నాకు తేలలేదు. 1861లో పుట్టాడు. కుర్రతనంలోనే అరిజోనాలో జాడలు చదవటం, ఎడారిలో బతకటం నేర్చాడు. ఆఫ్రికా వెళ్ళి బ్రిటిష్‌వాళ్ళ తరఫున మతబేలే యుద్ధాల్లో వేగులవాడిగా పనిచేశాడు. 1896లో, తిరుగుబాటు వెనకున్న మతగురువు ఇతనేనంటూ ఒక మనిషిని గుహలో కాల్చి చంపాడు. ఆ చచ్చినవాడు నిజంగా ఆ గురువేనా అన్నది అప్పట్నించీ వివాదమే. ఆ ఏడే అక్కడ బేడెన్-పవెల్‌కి పరిచయమై, అడవిలో మెలిగే విద్య అంతా చెప్పాడు. బేడెన్-పవెల్ తర్వాత మొదలుపెట్టిన స్కౌటు ఉద్యమంలో ఆ విద్యే సగం. బళ్ళో మెడకి స్కార్ఫు కట్టుకుని ముడులు వెయ్యటం నేర్చుకున్న మనలో చాలామందికి ఈయన తెలియకుండానే తాతగారి వరస అన్నమాట.

అలాంటి మనిషి డెబ్భై అయిదేళ్ళ వయసులో, 1936లో, ఈ గొర్రెల్ని కాపాడాలని కూర్చున్నాడు. అధికారుల దగ్గరకెళ్ళి ఊరుకోకుండా పిల్లల దగ్గరికెళ్ళాడు. అరిజోనా బాయ్ స్కౌట్లు పదివేల మంది ఈ పని నెత్తికెత్తుకున్నారు. బళ్ళల్లో పోస్టర్ల పోటీలు పెట్టారు, సభల్లో మాట్లాడారు. గొర్రెతల బొమ్మ స్కౌట్ల గుర్తయింది. పక్షి ప్రేమికుల సంఘాలూ వన్యప్రాణుల సంఘాలూ తోడయ్యాయి. గనులవాళ్ళూ పశువులవాళ్ళూ గట్టిగానే అడ్డుపడ్డారు. చివరికి 1939 జనవరి 25న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ సంతకం పెట్టాడు. కోఫాతో పాటు దక్షిణాన కబేసా ప్రియేటా కూడా అదే రోజు ఏర్పడింది. రెండూ కలిపి పదిహేను లక్షల ఎకరాలు. ఆ ఏప్రిల్లో ప్రారంభ సభలో బర్నమే మాట్లాడాడు.

ఐతే సంతకంతో కథ కంచికి పోలేదు. మొదట్లో ఇది రాజీ బేరం. గొర్రెలూ ఉంటాయి, పశువుల మేతా ఉంటుంది, గనులూ ఉంటాయి. పెత్తనం ఇద్దరిది, వన్యప్రాణుల శాఖదీ మేత భూముల శాఖదీ. ఇద్దరు మేనేజర్ల కింద పనిచేసినవాళ్ళకి దీని సుఖం విడిగా చెప్పక్కర్లేదు. ఆ ఉమ్మడి కాపురం 1976 దాకా సాగింది. ఆ ఏడు చట్టం చేసి పెత్తనమంతా వన్యప్రాణుల శాఖకే ఇచ్చారు. మధ్యలో రెండో ప్రపంచయుద్ధం. 1942 నుంచి 44 దాకా జనరల్ పాటన్ మొదలెట్టిన ఎడారి శిక్షణ కేంద్రం కాలిఫోర్నియా, అరిజోనాల్లో ఈ చుట్టుపట్లంతా పరుచుకుంది. అప్పటి పేలని గుండ్లు ఇంకా అక్కడక్కడా ఉంటాయి, ఇనుప ముక్కలేవీ ముట్టుకోవద్దని ఇవాళ్టికీ హెచ్చరిస్తారు. 1990లో మరో చట్టం. కోఫాలో అయిదు లక్షల పైచిలుకు ఎకరాల్ని 'వైల్డర్‌నెస్' అన్నారు. అంటే అక్కడ మోటారు బండి వెళ్ళకూడదు, కొత్తగా ఏదీ కట్టకూడదు, మనిషి అతిథిగా వచ్చి వెళ్ళిపోవాలి.

ఇక్కడే అసలు చిక్కు. గొర్రెలకోసం అని తీసిపెట్టిన కొండల్లో, 1930ల చివర నుంచే నిరుద్యోగ యువకుల దళాలు రాతిగుంటల్ని పేల్చి పెద్దవి చేశాయి, వాననీళ్ళు నిలిచేలా అడ్డుగోడలు కట్టాయి. అంటే మనం 'సహజం' అనుకుని చూసి మురిసేదాంట్లో సిమెంటు పాలు ఉంది. 2000లో ఎనిమిది వందలు దాటిన గొర్రెలు 2006 లెక్కల్లో 390కి పడిపోయాయి. కరువు, కొండసింహాలు, రోగాలు, ఎవరి కారణం వాళ్ళు చెప్పారు. 2007లో అధికారులు వైల్డర్‌నెస్ లోపలే రెండు కొత్త నీళ్ళ తొట్లు పాతారు. ప్లాస్టిక్ గొట్టాలు, కాంక్రీటు అన్నీ పెట్టి. అడవిని అడవిగా వదలమనేవాళ్ళు కేసు వేశారు. కింది కోర్టు కొట్టేసింది గానీ, 2010 డిసెంబర్లో పై కోర్టు ఒప్పుకోలేదు. గొర్రెల్ని కాపాడటం సరే, దానికి ఈ తొట్లే తప్పనిసరా, వేట ఆపటం లాంటి వేరే దార్లు ఎందుకు చూడలేదని అడిగింది.

ఇది చదివినప్పుడు ఎటు మొగ్గాలో తెలీలేదు. ముట్టుకోకుండా వదిలేస్తే గొర్రెలు పోవచ్చు. నీళ్ళు పెడితే అది అడవి కాదు, పెద్ద దొడ్డి. నడుస్తున్న సిస్టమ్‌లో చెయ్యి పెట్టొద్దని మనం అంటూ ఉంటాం కదా. కానీ ఆ సిస్టమ్‌ని వందేళ్ళ క్రితమే పాడుచేసింది మనుషులైతే, ఇప్పుడు 'నేను ముట్టుకోను' అనటం తప్పించుకోవటమే అవుతుంది. నా ఓటు, ఒప్పుకోలుగా కాకపోయినా, తొట్లకే. కాకపోతే కోర్టు అడిగిన ప్రశ్న కూడా న్యాయమే. నీళ్ళు పెట్టేముందు తుపాకీ దించారా అని అడగటం తప్పెలా అవుతుంది?

మళ్ళీ ఆ పావు మైలుకొస్తా. ఆ రూలు శరణాలయం సొంతం కూడా కాదు, అరిజోనా రాష్ట్ర చట్టంలోనే ఉంది. ఎడారి జంతువుకి ఆ దరిదాపుల్లో ఉండేది ఒక్క నీటి గుంట. దాని పక్కన మనం గుడారమేసి, పొయ్యి వెలిగించి, పాటలు పెట్టుకుంటే అది కొండమీదే నిలబడి చూస్తుంది. దిగదు. మనకి కనపడదు కాబట్టి ఏ జంతువూ లేదనుకుంటాం. ఆ సాయంత్రం నేననుకున్నది సరిగ్గా అదే. యవపాయ్‌ల్ని పంపేశాక వచ్చినవాళ్ళు ఈ నేల గురించి అనుకున్నదీ దాదాపు అదే. కనపడటంలేదు గనక లేరు, లేరు గనక మనది.

బర్నమ్ చేతులకి అంటిన రక్తం ఈ గొర్రెలవల్ల కడుక్కుపోదు, కడిగేయాలని నేనూ అనను. కానీ పదివేల మంది పిల్లలు ఓట్లు లేకుండానే, బొమ్మలు గీసి, ప్రభుత్వం చేత సంతకం పెట్టించిన సంగతి మాత్రం నిజం. మనం అక్కడ ఫీజు లేకుండా పడుకోగలుగుతున్నది ఆ సంతకం పుణ్యమే. ఆ స్థలం మనకోసం కేటాయించింది కాదు. గొర్రెలకోసం కేటాయిస్తే, వాటికి అడ్డు రానంతవరకు మనల్నీ ఉండనిస్తున్నారు.

తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్ళాను. పామ్ కాన్యన్ చీలికలో ఎండ పడీపడని చోట ఈత చెట్లలా నిలబడ్డ తాటిజాతి చెట్లు చూశాను. గొర్రెలు మాత్రం ఒక్కసారే, అదీ బైనాక్యులర్లో, గోధుమరంగు రాయి కదిలినట్టు. మీరు వెళ్ళేట్టయితే నవంబర్ నుంచి మార్చి మధ్య వెళ్ళండి. కట్టెలు ఇంటినుంచే పట్టుకెళ్ళండి. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ చొప్పున నీళ్ళు, ఆపైన రెండు మూడు గ్యాలన్లు ఎక్కువే పెట్టుకోండి. అక్కడున్న నీళ్ళు మాత్రం వాటికి వదిలేయండి.