రెండు వేల నుంచి పది వేల దాకా

మా షెడ్డులో అంబాసిడర్‌కి రెండు వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ దించేవాళ్లం. మారుతి 800 వచ్చాక అది ఐదు వేలైంది. ఇప్పుడు చాలా కంపెనీ పుస్తకాల్లో పది వేలని ఉంటోంది. విజయవాడ ఆటోనగర్‌లో నాన్న దగ్గర పని నేర్చుకుని, ఆ షెడ్డునే నడుపుతున్న నన్ను వచ్చినవాళ్లంతా అడుగుతారు, ఇందులో ఏది నమ్మాలండీ అని. దేని కాలానికి అది నిజమే. ఆ అంకె ఆయిల్ డబ్బాలోంచి పుట్టింది కాదు. ఆనాడు దొరికిన పెట్రోలు, బండి తిరిగిన రోడ్డు, ఇంజన్ కట్టిన తీరు, ఇవన్నీ కలిసి పెట్టిన అంకె అది.

అసలు మొదట్లో ఆయిల్ మార్చడమన్న మాటే లేదు, పోయడమే. దూరప్రయాణానికి ఎడ్లబండి కట్టేముందు ఇరుసుకు కందెన రాసినట్టే, తొలి ఇంజన్లకీ ఖర్చైనంత పోసుకుంటూ పోయేవారు. మొదటి ప్రపంచయుద్ధం విమానాల్లో సిలిండర్లతో సహా గిర్రున తిరిగే రోటరీ ఇంజన్లుండేవి. వాటిలో పెట్రోలు ఆవిరి క్రాంక్‌కేసులోంచే పోవాలి. కాబట్టి పెట్రోల్లో తేలిగ్గా కరగని నూనె కావాల్సి వచ్చింది. ఆ గుణం ఆముదానికి ఉంది. పోసిన ఆముదం పొగతోపాటు బయటికి చిమ్మేది, పైలట్ల ముఖాల మీద కూడా పడేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎర్ర చెల్కల్లో మన రైతులు తరతరాలుగా వేసిన పంట ఇది. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఆయిల్‌కి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది కూడా ఆముదం ఇంగ్లీషు పేరైన కాస్టర్ నుంచే.

ఆయిల్ ఇంజన్ అడుగునుండే చాంబర్‌లోనే నిలిచి, పదే పదే తిరగడం మొదలయ్యాక మార్చే లెక్క వచ్చింది. 1928 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కారుకి ఐదు వందల మైళ్లకే మార్చమన్నారు, అంటే ఎనిమిది వందల కిలోమీటర్లు. దానికి ఆయిల్ ఫిల్టరే లేదు. అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ 1923 ప్రాంతంలోనే ఫిల్టరు తయారుచేసినా, అది అన్ని కార్లకూ ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

నాకు బాగా తెలిసింది అంబాసిడర్ కాలం, అందుకే దాని దగ్గర కాస్త ఆగుతాను. చలికాలం పొద్దున్నే బండి అందుకోవాలంటే చోక్ లాగాలి. చోక్ లాగితే కార్బురేటరు పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ పంపుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీదున్న ఆయిల్‌ని కడిగేసి, రింగుల పక్కనుంచి చాంబర్‌లోకి దిగుతుంది. నాన్న డిప్‌స్టిక్కు తీసి ముందు వాసన చూసేవారు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, జారుడు తగ్గిందనిపిస్తే మీటరు ఎంత చూపించినా సరే, "దించేయరా" అనేవారు. అప్పటి పెట్రోల్లో సీసం కలిపేవారు. చాంబర్ విప్పితే అడుగున బూడిదరంగు మడ్డి పేరుకుని ఉండేది. దాన్ని గరిటెతో గీకాల్సి వచ్చేది. డీజిల్ బండ్ల కష్టం వేరు. 1990ల తొలిరోజుల దాకా మన డీజిల్లో గంధకం నూటికి ఒక వంతు దాకా ఉండొచ్చు. అది కాలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లాన్ని విరగ్గొట్టే మందు ఆయిల్లో తొందరగా అయిపోతుంది. ఆ పైన దుమ్ము. కంకర రోడ్ల మీద తిరిగే జీపులకు ఎయిర్ ఫిల్టరు కింద ఆయిల్ గిన్నె ఉండేది, అది విప్పితే గిన్నెలో బురద. గిన్నె కడగని బండి ఇంజన్ త్వరలోనే బోరుకొచ్చేది. రెండు వేలన్న అంకె వీటన్నిటికీ జవాబు. మనవాళ్ల చాదస్తం కాదది.

నల్లబడిన ఆయిల్ అంటే చెడిపోయిన ఆయిలని చాలామంది అనుకుంటారు. మడ్డిని కరిగించి తనలో నిలుపుకునే డిటర్జెంటు మందులు 1930ల్లో అమెరికాలో డీజిల్ ఇంజన్ల కోసం మొదలయ్యాయి. అవి ఉన్న ఆయిల్ నల్లబడిందంటే మసి ఇంజన్‌ని వదిలి ఆయిల్లోకి వచ్చిందన్నమాట. కానీ ఏళ్ల తరబడి మామూలు ఆయిల్‌తో తిరిగి మడ్డి పట్టిన ఇంజన్‌లో ఒక్కసారిగా ఇలాంటిది పోస్తే, ఊడిన మడ్డి వెళ్లి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడేది. పాత మేస్త్రీలు కొత్త ఆయిల్ అంటే జంకడానికి కారణం ఇదే. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను.

మాకు చాలాకాలం నలభై గ్రేడే గతి. బర్మాషెల్, ఎస్సో, కాల్టెక్స్ బోర్డులు పోయి ప్రభుత్వ కంపెనీలు వచ్చిందీ, ఇండియన్ ఆయిల్ వారి సర్వో వచ్చిందీ 1970ల్లోనే. తర్వాత 20డబ్ల్యూ-40 లాంటివి వచ్చాయి. చల్లగా ఉన్నప్పుడు పల్చగా పారి, వేడెక్కాక చిక్కదనం నిలుపుకునే రకం. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో జరిగే అరుగుదల వీటితో తగ్గింది. నకిలీ మాత్రం ఏ గ్రేడునీ వదల్లేదు. ఖాళీ డబ్బాలు కొనుక్కెళ్లి, పాత ఆయిల్‌ని వడగట్టి నింపి మళ్లీ అమ్మేవారు. అందుకని ఆయిల్ పోయగానే డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో చిల్లు పొడవడం మా షెడ్డులో పద్ధతి. ఇప్పటికీ మానలేదు.

మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. మూడు సిలిండర్ల చిన్న ఇంజన్, లోపలి భాగాల మధ్య సందులు ఎంతో బిగువు. అంకె ఐదు వేలకు చేరింది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది, కార్బురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. చోక్ లేదు కాబట్టి ఆయిల్ పెట్రోలు వాసన కొట్టడం తగ్గింది. డీజిల్లో గంధకం పది లక్షల వంతుల్లో 350కి, తర్వాత 50కి, 2020 ఏప్రిల్లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలతో 10కి దిగింది. చాంబర్ విప్పితే గీకడానికి మడ్డే లేదు. పది వేలంటే నాన్న నమ్మేవారు కాదేమో కానీ, ఆ చాంబర్ చూపిస్తే ఒప్పుకునేవారు.

అయినా మూడు వేలకే మార్చమనే పెద్దవాళ్లు ఇంకా వస్తారు. ఇప్పటి పెట్రోలు కారుకి అక్కర్లేదండీ అని చెబుతాను. నా సంపాదన తగ్గినా చెబుతాను. దించిన ప్రతి లీటరూ ఎక్కడికో పోవాలి కదా. మా చిన్నప్పుడు అది సెంట్రింగ్ చెక్కలకీ, చెదలు పట్టకుండా దూలాలకీ పోయేది. మిగిలింది కాలవలోకి. అలా పారబోయడం చూస్తూ పెరిగాను, ఆ నీళ్లే పొలాలకు వెళ్లాయి. 2024 ఏప్రిల్ నుంచి వాడిన ఆయిల్‌ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను ఆయిల్ అమ్మే కంపెనీల మీదే పెట్టారు. ఎంతో ముందే రావాల్సిన నిబంధన అది.

ఇక రోజూ ఇంటి నుంచి బజారు దాకానే తిరిగే కారు ఏడాదికి మూడు వేలు కూడా తిరగదు. దానికి కిలోమీటర్ల లెక్క చెల్లదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేస్తుంటే లోపల చేరిన నీటి చెమ్మ ఆవిరైపోదు. అలాంటి బండికి ఏడాది తిరిగేసరికి మార్చాల్సిందే.

బీఎస్6 డీజిల్ కార్లు వచ్చాక నాన్న చేసిన పనినే నేను మళ్లీ చేస్తున్నాను. వీటి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని కాల్చడానికి చాలా ఇంజన్లు సిలిండర్‌లోకి కాస్త డీజిల్ అదనంగా చిమ్ముతాయి. మా ఊరి బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో ఆ కాల్చడం మధ్యలోనే ఆగిపోయి, మళ్లీ మళ్లీ మొదలవుతుంది. మండని డీజిల్ గోడల వెంట చాంబర్‌లోకి దిగుతుంది. పోయకుండానే ఆయిల్ పెరిగిందేమిటని ఓనర్లు ఆశ్చర్యపోతూ వస్తారు. డిప్‌స్టిక్కు తీస్తే మట్టం పై గీత దాటి ఉంటుంది, వాసన చూస్తే డీజిల్. ఆ బండ్లకు పుస్తకంలో ఎన్ని వేలున్నా ఐదు వేల దగ్గరే దించేస్తున్నాను.