తటాకోదకము, అంతఃకరణము, నాడీకణము

అనంతపుర చరిత్ర చెఱువుతో ప్రారంభమగును. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరు ఏటికి అడ్డుకట్ట వేయించెననియు, ఆ కట్ట రెండు కొసలయందు రెండు ఊళ్ళు వెలసెననియు, వానిలో ఒకటి బుక్కరాయసముద్రము కాగా రెండవది అనంతసాగరము, అనగా నేటి అనంతపురము అయ్యెననియు స్థానిక చరిత్ర చెప్పుచున్నది. నైరృతి మేఘములను సహ్యాద్రి పడమటనే నిలిపివేయును. ఈశాన్య పవనము తీరమునుండి ఇంత దూరము వచ్చునప్పటికి బలము కోల్పోవును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకవలసిన పీఠభూమి ఇది. ఇట్టి నేలపై తూము ఎప్పుడు తెఱవవలెను, ఏ మడికి ఎంత పాఱవలెను అనునది ప్రాణసమానమైన ప్రశ్న. ఆ లెక్క చూచు గ్రామసేవకుని నీరుగంటి అందురు. పొరుగున కడప సీమలోని పోరుమామిళ్ళ శాసనము, 1369 నాటిది, మంచి చెఱువునకు పన్నెండు సాధనములను, ఆఱు దోషములను శాస్త్రీయముగా పేర్కొన్నది. తటాకనిర్మాణము నాటి విద్వాంసులకు విద్యలలో ఒకటి.

అందుచేతనే కాబోలు, అద్వైతశాస్త్రమున జ్ఞానప్రక్రియకు దొరకిన ప్రసిద్ధ దృష్టాంతము కూడ చెఱువే. 17వ శతాబ్దమున ద్రవిడదేశీయుడైన ధర్మరాజాధ్వరీంద్రుడు తన వేదాంతపరిభాషయందు ప్రత్యక్షమును నిరూపించుచు ఈ ఉపమానమును వాడెను. తటాకములోని నీరు రంధ్రము గుండ వెలువడి, కాలువయై ప్రవహించి, మడులలో ప్రవేశించి, ఆ మడి నాలుగు మూలలదైనచో తానును నాలుగు మూలల ఆకారమును పొందును. అట్లే తైజసమైన అంతఃకరణము చక్షురాదుల ద్వారమున వెలికి పోయి, ఘటాది విషయముల దేశమును చేరి, ఆ విషయాకారముగా పరిణమించును. ఆ పరిణామమే వృత్తి.

ఈ వాక్యార్థమును నేటి నాడీశాస్త్రముతో జతచేసి, "మన ఋషులు న్యూరాన్లను ఎఱుగుదురు" అని ప్రకటించు వ్యాసములకు కొదువ లేదు. అట్టి ప్రకటన దర్శనములకు గౌరవము కాదు, అపకారము. ధర్మరాజాధ్వరీంద్రుడు చెప్పినది ఏమి, నాడీశాస్త్రము కనుగొన్నది ఏమి అని విడివిడిగా చూచినచో రెండును కొన్ని చోట్ల స్పష్టముగా విభేదించును. ఆ విభేదము తెలిసిన పిదపనే, ఎక్కడ కలియునో అది విలువగలదగును.

ఈ గందరగోళమునకు కొంత కారణము భాష. పాశ్చాత్య శరీరశాస్త్రము తెలుగులోనికి వచ్చినప్పుడు 'నర్వ్' అను మాటకు 'నాడి' అను ప్రాచీన శబ్దమునే వాడిరి. దానితో ఉపనిషత్తులలోని నాడులన్నియు నరములే అను భ్రాంతి కలిగినది. కఠోపనిషత్తు, ప్రశ్నోపనిషత్తు చెప్పిన నూటయొక్క నాడులు హృదయమునుండి బయలుదేరునవి, శిరస్సునుండి కావు. భేలసంహిత మాత్రము మనస్సునకు స్థానము శిరస్సునకు, తాలువునకు నడుమ అని చెప్పినది. అది ఆయుర్వేద గ్రంథములలో విలక్షణమైన మాట.

అనంతపురమున ఈ రెండు విద్యలును ఒకే గదిలో కలిసికొనిన సంవత్సరము 1916 అనవచ్చును. ఆ ఏట దత్తమండల కళాశాల అక్కడ వెలసినది. నిజాము 1800లో ఆంగ్లేయులకు ఇచ్చివేసిన సీమకు నాడు దత్తమండలము అనియే పేరు. రాయలసీమ అను పేరును 1928లో నంద్యాల సభయందు ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావు ఈ కళాశాల అధ్యాపకుడే. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలనుండి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1916లోనే ఇక్కడికి వచ్చి కొంతకాలము తత్త్వశాస్త్రము బోధించెను. ఆయన అప్పటికే, 1912లో, మనశ్శాస్త్ర మూలాంశములపై ఒక చిన్న ఆంగ్లగ్రంథమును ప్రకటించి యుండెను. నాడు మనశ్శాస్త్రము తత్త్వశాస్త్రములో ఒక భాగము. కలకత్తా విశ్వవిద్యాలయమున ప్రయోగాత్మక మనశ్శాస్త్రమునకు ప్రత్యేక విభాగము ఏర్పడినది కూడ 1916లోనే. కావున ఆ సంవత్సరమున ఒక తత్త్వశాస్త్ర విద్యార్థికి మనస్సును గూర్చి లభ్యమైన జ్ఞానము ఎట్టిదో తెలిసికొనుట యుక్తము.

మొదట స్వదేశీయ పక్షము. ఆంధ్రుడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము సంస్కృత పాఠశాలలలో తర్కమునకు తొలిమెట్టు. అందు మనస్సు పరమాణురూపము, నిత్యము, ప్రతి ఆత్మకును ఒక్కొక్కటి. న్యాయసూత్రములు దీనికి చెప్పిన లింగము మిక్కిలి సూక్ష్మమైనది: అన్ని ఇంద్రియములును ఒక్కసారి విషయములతో కలిసియున్నను జ్ఞానములు ఒక్కసారి పుట్టవు, కావున ఒకప్పుడు ఒక్క ఇంద్రియముతోనే కూడు అణువొకటి ఉండవలెను. ప్రతిపక్షి ఆక్షేపము పొడవైన శష్కులిని గూర్చినది. చక్కిలము వంటి ఆ పిండివంటను కొఱుకువానికి రూపము, రుచి, వాసన, స్పర్శ, చప్పుడు ఒకేసారి తెలియుచున్నవి గదా? నైయాయికుని సమాధానము: నూఱు తామరరేకులను దొంతిగా పేర్చి సూదితో పొడిచినచో ఒక్కసారి చీలినట్లే తోచును, కాని ఒకదాని తరువాత ఒకటిగానే చీలును. క్రమము ఉన్నది, అది మనకు కనబడదు. భాట్టమీమాంసకులు దీనిని అంగీకరింపక మనస్సు విభువనిరి, వేదాంతులు మధ్యమపరిమాణమనిరి.

తామరరేకుల దృష్టాంతములో ఒక సాహసమున్నది. జ్ఞానమునకు కాలము పట్టుననియు, ఆ కాలము అనుభవమునకు అందనంత స్వల్పమనియు అది చెప్పుచున్నది. ఐరోపాలో 19వ శతాబ్దపు మధ్యభాగము వఱకు నరములలో సంకేతవేగమును కొలుచుట అసాధ్యమని యోహానెస్ ముల్లర్ వంటి మహాపండితుడే తలచెను. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్స్ 1850లో కప్ప నరముపై ప్రయోగము చేసి, అది సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చెను. అంత మందమా అని నాటివారు విస్మితులైరి. అనంతపురము చేలలో వట్టికాళ్ళతో నడచువాని పాదమున తుమ్మముల్లు దిగినప్పుడు ముందు చుఱుక్కుమని ఒక తాకిడి, పిదప మందముగా సాగు సలుపు తెలియుట ఎల్లరకు అనుభవమే. స్పర్శను, తొలి పోటును మోయు తంతువులు వేగము గలవి. వెనుకటి సలుపును మోయు సన్నని తంతువులు సెకనుకు ఒక మీటరు ప్రాంతమున నడచును. ఇచ్చట రేకుల నడుమ ఎడము కంటికి కనబడునంత పెద్దది.

ఐనను నైయాయికుని అణుమనస్సు దీనిచే సిద్ధింపదు. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు ఏకకాలమున పనిచేయుచున్నవి. రూపము, చప్పుడు, స్పర్శ వేఱ్వేఱు మార్గముల సమాంతరముగా నడచును. అయితే రెండు సంకేతములకు వెంటవెంటనే ప్రతిక్రియ చేయుమన్నచో రెండవది ఆలస్యమగునని 1931లో టెల్‌ఫోర్డ్ చూపిన పిదప, నిర్ణయమునకు చేరు చోట ఒక ఇఱుకుదారి ఉన్నదను భావము బలపడినది. రాకలో భాట్టుల విభుత్వము, నిర్ణయములో గౌతముని అణుత్వము: వాదులిద్దఱును ఒక్కొక్క కొసను పట్టుకొనిరనుట తప్పు కాదు.

ఇక పాశ్చాత్యపక్షము. 1906లో గోల్గీ, రామోన్ ఇ కహాల్ ఇద్దఱికి నోబెల్ బహుమానము కలిపి ఇచ్చిరి. చిత్రమేమనగా, వారిద్దఱి సిద్ధాంతములు పరస్పర విరుద్ధములు. మెదడంతయు అవిచ్ఛిన్నమైన ఒకే వల అని గోల్గీ; కాదు, విడివిడి కణములు ఒకదానికొకటి సమీపించి నిలిచినవని కహాల్. గోల్గీ తన బహుమానోపన్యాసమును కణవాద ఖండనమునకే వినియోగించెను. కణమునకు కణమునకు నడుమనున్న సంధికి 'సినాప్స్' అను పేరు 1897లో షెరింగ్టన్ వాడుకలోనికి తెచ్చెను. ఆ సందు నిజముగా ఉన్నదని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని 1950ల దశకమున చూపినది. దాని వెడల్పు సుమారు 20 నానోమీటర్లు.

చెఱువు భాష ఇక్కడ మఱల పనికివచ్చును. 1926లో ఏడ్రియన్, జోటర్‌మన్ కప్ప కండరమునుండి వచ్చు ఒక్క తంతువు సంకేతములను విడిగా వినగలిగిరి. కండరమునకు బరువు పెంచినకొలది స్పందనములు పెద్దవి కాలేదు, తఱచైనవి. తీవ్రత పరిమాణములో లేదు, సంఖ్యలో ఉన్నది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సముద్రజీవియైన స్క్విడ్ యొక్క స్థూలతంతువుపై ప్రయోగించి, కణత్వచములో సోడియము, పొటాసియములకు వేఱ్వేఱు మార్గములు తెఱచుకొని మూసికొనుటయే ఈ స్పందనమునకు మూలమని గణితముతో నిరూపించిరి. తెలుగున వానిని కాలువలు, తూములు అన్నచో అర్థము చెడదు. ఒక్కొక్క కణముపై వేలకొలది సంధులు వ్రాలును. కొన్ని మడవ తెఱచును, కొన్ని మడవ కట్టును. ఈ కూడికలు తీసివేతలు ముగిసి, విశ్రాంతిలో −70 మిల్లీవోల్టుల చెంత నున్న కణము −55 ప్రాంతమునకు ఎక్కినచో స్పందనము వెడలును. సీమవారు 'చెఱువు మరవ పాఱినది' అందురే, అట్టిది. భేదము ఒకటి మఱువరాదు: మరవపై నీరు ఎక్కినకొలది ప్రవాహము పెరుగును, నాడీకణము మాత్రము హద్దు దాటినచో పూర్తిగా పలుకును, దాటనిచో పలుకదు.

ఇప్పుడు ధర్మరాజాధ్వరీంద్రుని వాక్యమునకు వత్తము. అంతఃకరణము కంటిగుండ వెలికి పోవునను మాట నిలువదు. వెలుగు లోనికి వచ్చును. కంటి తెరలోని 12 కోట్లకు పైబడిన గ్రాహకకణముల వార్తను సుమారు 10 లక్షల తంతువులే మెదడునకు మోయును. అనగా కంటిలోనే వడపోత జరిగినది. 1953లో కుఫ్లర్ ఆ కణములు వెలుగును గాక వెలుగునకు చీకటికి గల భేదమును చెప్పునని చూపెను. 1959లో హ్యూబెల్, వీజెల్ పిల్లి మెదడులో ఒక్కొక్క కణము ఒక్కొక్క వాలు గల గీతకే స్పందించునని కనుగొనిరి. దృష్టికి చెందిన మెదడు పొరలో దృశ్యమునకు వక్రమైన పటము ఒకటి ఏర్పడుమాట నిజమే. కాని ఆ వెనుక ఘటము అంచులుగా, రంగుగా, చలనముగా విడిపోవును. మడిలో నీరువలె ఘటాకారమును ధరించినది మెదడులో ఎచ్చటను లేదు.

దృష్టాంతము పూర్తిగా వ్యర్థమా? కాదు. కన్నుకును దృష్టివల్కమునకును నడుమనున్న థాలమస్ కేంద్రమునందలి సంధులలో కంటినుండి వచ్చునవి పదింట ఒక వంతుకు మించవు. వల్కమునుండి వెనుకకు దిగివచ్చునవి అంతకంటె చాల హెచ్చు. చూచువాడు ఊరక గ్రహించుట లేదు. ఏమి కనబడబోవునో ముందుగా పంపుచున్నాడు. ఐనను ఆ పంపకము తలపుఱ్ఱెలోనే ఆగును, కుండను తాకదు. వృత్తి విషయదేశమునకు పోవునని వేదాంతి పట్టుపట్టుటకు కారణము వేఱు. ఘటావచ్ఛిన్న చైతన్యమును, వృత్త్యవచ్ఛిన్న చైతన్యమును ఏకము చేయవలెనని ఆయన ప్రయత్నము. అది కన్ను ఎట్లు పనిచేయునను ప్రశ్నకు సమాధానము కాదు. తెలిసినది 'నాకు' తెలిసినదెట్లు అను ప్రశ్నకు సమాధానము.

ఇదియే అసలు చోటు. తూములు, కాలువలు, మడవలు ఇన్ని ఉన్నవి, నీరుగంటి ఎవడు? డెకార్టు మనస్సును దేహమునకు ఆవల నిలిపి దానికే ఆ పని అప్పగించెను. నాడీశాస్త్రము వెదకి వెదకి నీరుగంటి లేడనినది. ప్రతి తూమును తన హద్దును తానే చూచుకొనును. 1949లో హెబ్ ప్రతిపాదించినట్లు, 1973లో బ్లిస్, లోమో కుందేటి మెదడులో చూపినట్లు, పాఱినకొలది కొన్ని సంధులు బలపడును, అభ్యాసము సంస్కారమగును. పైవాడెవడును ఆజ్ఞ ఇయ్యనక్కఱలేదు. ఈ మాట డెకార్టు అనుయాయికి గొడ్డలిపెట్టు. అద్వైతికి కాదు. ఆయన మతమున మనస్సు, బుద్ధి, చిత్తము, అహంకారము అన్నియు భూతములనుండి పుట్టిన జడములే. లెక్కించుట, పోల్చుట, నిశ్చయించుట జడవ్యాపారములే. సాక్షి నీరుగంటి కాడు, తూమును త్రిప్పడు. ఆయన విభాగరేఖ దేహమునకు మనస్సునకు నడుమ లేదు, మనస్సునకు చైతన్యమునకు నడుమ ఉన్నది. ఇందువలన నాడీశాస్త్రము అద్వైతమును నిరూపించినదనరాదు. సాక్షి లేకయే ఈ ప్రవాహమంతయు తనను తాను తెలిసికొనునని భౌతికవాది అన్నచో, దానికి సమాధానము ప్రయోగశాలలో దొరకదు, శాస్త్రయుక్తులతోనే చెప్పవలెను. చార్వాకునితో నాడు జరిగిన వాదమే అది.

సంధికి పేరు పెట్టిన షెరింగ్టన్ 1913 నుండి రెండు దశాబ్దములకు పైగా ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడు. 1932లో ఏడ్రియన్‌తో కలిసి నోబెల్ పొందెను. అనంతపురమున పాఠము చెప్పిన రాధాకృష్ణన్ 1936లో అదే ఆక్స్‌ఫర్డునకు ప్రాచ్యధర్మముల ఆచార్యుడై చేరెను. షెరింగ్టన్ 1937–38లో ఎడిన్‌బరోలో చేసి 1940లో గ్రంథముగా ప్రకటించిన గిఫర్డ్ ఉపన్యాసములయందు, జీవితమంతయు నరములను శోధించిన పిదపను, శక్తివ్యాపారమునుండి మనస్సునకు దారి తనకు కనబడలేదని ఒప్పుకొనెను. ఆయన శిష్యుడు ఎక్‌ల్స్ 1977లో పాపర్‌తో కలిసి వ్రాసిన పుస్తకమున, మెదడునకు ఆవల స్వతంత్రమైన మనస్సును నిలిపి, అది నాడీకణములపై పనిచేయునని వాదించెను. వేదాంతపరిభాష చదివిన విద్యార్థి ఆ మనస్సును కూడ ఈవలి గట్టుననే కూర్చుండబెట్టి యుండును.