ఆ బడి ఎవరిది?

మమ్మల్ని చూడగానే చాలామందికి నైజాము గుర్తొస్తాడు. మా తాత దూది ఏకినా, మా నాన్న సైకిలు పంక్చర్లు వేసినా, మేం మాత్రం నవాబుల వారసులం. ఈ మాట మాకు కొత్త కాదు. కానీ మా ఊరి పాత బడి కప్పు కూలే దశకొచ్చి, దాన్ని బాగు చేయించాలని చందా పుస్తకం పట్టుకొని ఇంటింటికీ తిరిగినప్పుడు అదే మాట ఇంకో రూపంలో ఎదురైంది. అది మీ బడే కదా, మీవాళ్లనే అడగండి అన్నారు ఒక వాడకట్టులో. మర్నాడు మసీదు దగ్గర మా పెద్దమనుషులను అడిగితే, అది సర్కారు బడి, మనదెట్లయితది, ముందు మసీదు గోడకు సున్నం వేయించండి అన్నారు. రెండుచోట్లా వట్టి చేతులతో తిరిగొచ్చాం. ఆ రాత్రి మేం కూర్చొని మాట్లాడుకున్నది పైసల గురించి కాదు. ఆ బడి ఎవరిదన్న దాని గురించి.

బడి పెద్దదేం కాదు. మూడు గదులు, ముందు వరండా. రాతి పునాది, డంగు సున్నం గోడలు, టేకు దూలాలు, పైన పెంకు. కొత్త భవనం కట్టాక దీన్ని కొన్నాళ్లు ఎరువుల బస్తాలకు వాడారు, ఆ తర్వాత తాళం వేసి మరిచిపోయారు. తలుపు మీద ఒక నల్లరాయి ఉంది. దాని మీద ఉర్దూలో రెండు వరుసలు చెక్కి ఉన్నాయి. సిగ్గుపడుతూనే చెప్పాలి, ఆ రాయి మాలో ఎవరికీ చదవ రాలేదు. మేమంతా తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లం. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, రాయలేం. చదివి చెప్పింది ఎనభై అయిదేళ్ల ముసలాయన, వెనకటి పట్వారీ గారి కొడుకు. కళ్లద్దాలు తుడుచుకొని వేలు పెట్టి కూడబలుక్కున్నాడు: మదర్సా తహతానియా. కింద 1342 ఫసలీ. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. అంటే 1932.

మదర్సా అన్న మాట విని మా వెంట ఉన్న ఒక కుర్రాడు ఇది బడి కాదేమో, మతం చెప్పే చోటేమో అన్నాడు. వాడి తప్పు లేదు. ఈ ముప్పై నలభై ఏళ్లలో ఆ మాటకు అంటిన మసి అలాంటిది. నైజాము రాజ్యంలో బడి అంటేనే మదర్సా. తహతానియా అంటే ప్రాథమిక పాఠశాల, వస్తానియా అంటే మాధ్యమిక, ఫౌఖానియా అంటే హైస్కూలు. హైదరాబాదులో గొప్పింటి పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పిన బడి పేరు కూడా మదర్సా ఆలియానే. ఒక మాట అర్థం మారిపోతే ఒక గోడ చరిత్రే మారిపోతుందని ఆ తలుపు ముందు నిలబడి తెలుసుకున్నాం.

ఇక ఆ గోడల మధ్య జరిగింది చెప్పాలి. హైదరాబాదు రాజ్యంలో 1884లో ఫార్సీ పోయి ఉర్దూ అధికార భాష అయింది. 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చాడు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. ఆధునిక శాస్త్రాలను ఒక భారతీయ భాషలో బోధించిన తొలి విశ్వవిద్యాలయం అది. దాని కోసమే దారుల్ తర్జుమా అనే అనువాదశాఖ పెట్టి సైన్సు, న్యాయం, చరిత్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. మన భాషలు పెద్ద చదువులకు పనికిరావని ఇంగ్లీషువాడు నమ్మించిన కాలంలో ఇది చిన్న పని కాదు. మేం దీన్ని గర్వంగానే చెప్పుకుంటాం.

కానీ ఎవరి భాష అది? 1951 జనాభా లెక్కల్లో కూడా ఆ రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. నాలుగో వంతు దాకా మరాఠీలు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు నూటికి పన్నెండు మంది. కింది తరగతుల్లో అక్కడక్కడా తెలుగు వినిపించినా, పై చదువు కావాలంటే, నౌకరీ కావాలంటే ఉర్దూ తప్పదు. ఊరివాళ్లు సొంతంగా పంతులును పెట్టుకొని నడుపుకునే ఖానగీ బడుల మీద 1920లలో ఆంక్షలు పెట్టారు. మాడపాటి హనుమంతరావు వంటివారు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టి, దాని గుర్తింపు కోసం ఎంతో తిరగాల్సి వచ్చింది. 1921లో ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ అడిగినవాటిలో ముఖ్యమైంది ఇదే: మా పిల్లలకు మా భాషలో చదువు చెప్పండి. అది న్యాయమైన కోరిక. ఈ మాట మేం నోరారా అనకపోతే ఆ బడి పేరు చెప్పి ఊళ్లో చందా అడిగే హక్కు మాకు లేదు.

అయితే న్యాయం అక్కడితో అయిపోదు. కొత్త బడి బీరువాలో అట్ట ఊడిన పాత దాఖలా రిజిస్టరు దొరికింది. పట్వారీ గారి కొడుకే దాన్నీ చదివి పెట్టాడు. రెండు సాయంత్రాలు పట్టింది. పటేలు కొడుకులు, పట్వారీ కొడుకులు, కోమట్ల పిల్లలు వరసగా ఉన్నారు. ముస్లిం పేర్లు లేకపోలేదు. అమీను కొడుకు, పోలీసు జవాను కొడుకు, బదిలీ మీద వచ్చిన గిర్దావరు కొడుకులు. మేం వెతికింది వేరే పేర్ల కోసం. మా దూదేకుల గల్లీ, కసాయి గల్లీ, ఫకీర్ల ఇళ్లు, ఒక్క పేరు లేదు. దళితవాడ నుంచీ లేదు. ఆడపిల్ల పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. ముసలాయన రిజిస్టరు మూసి, మీ తాతలు మా పత్తి ఏకేవాళ్లు, బడి వరండా దాకా వచ్చేవాళ్లు, లోపలికి రాలేదు అన్నాడు.

మా బడి అని ఊరు అంటున్న బడిలో మావాళ్లు లేరు. నైజాము రాజ్యంలో మావాళ్లు ఉన్న చోటు అదే, వరండా. పైన నిజాం ముస్లిం. కింద జాగీర్దార్లు, దేశ్‌ముఖులు, పటేలు, పట్వారీలు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. వెట్టి చేసేవాడికి మతంతో పనిలేకుండా వెట్టి ఉంది. కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం కోర్టుకెక్కి నిలబడిన షేక్ బందగీని 1940లో విసునూరు దేశ్‌ముఖు మనుషులు చంపారు. బందగీ ఏ నవాబుకు వారసుడు? 1908లో అందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకొని, మసీదు ఊడ్చి, నమాజుకొచ్చేవాళ్లకు నీళ్లు తోడి పెరిగాడు. పెద్దయ్యాక ఆ రాజ్యాన్నే ఎదిరించాడు. హైదరాబాదులో 1910 నుంచి భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లల కోసం విడిగా బడులు పెట్టాల్సి వచ్చిందంటే రాజుగారి బడి తలుపు ఎవరికి తెరిచి ఉందో తెలుస్తూనే ఉంది.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఆ ఉర్దూ చదువులోంచి వచ్చిన తెలుగువాళ్లు ఉర్దూను నైజాముకు వదిలేసి రాలేదు. దాశరథి నిజాముకు ఎదురు నిలిచి జైలుకు పోయాడు. ఆయనే గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు. గాలిబ్ గీతాలు 1961లో అచ్చయింది. సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు కవి అయ్యాడు. ఆదిలాబాదు సామల సదాశివ జీవితమంతా రెండు భాషల మధ్య తిరిగాడు. ప్రభువు మీద కోపం భాష మీదికి పోనివ్వకుండా వాళ్లు కాపాడుకున్నారు. మా ఊళ్లో రాయి చదివిన ముసలాయన కూడా ఆ కోవలోవాడే. ఆయనకు ఇప్పుడు ఉర్దూలో మాట కలిపేవాళ్లు లేరు. మాకు రాయడం రాదు, ఆయనకు వినేవాళ్లు లేరు.

ఎందుకిలా అయింది? రిజిస్టరులో ఒకచోట ఉర్దూ ఆగిపోతుంది. తర్వాత కొన్ని ఖాళీ పేజీలు. ఆ తర్వాత తెలుగు మొదలవుతుంది. ఆ ఖాళీ పేజీలు 1948వి. అంతకుముందు రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. ఆ ఏడాది ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండను ఎవరూ తక్కువ చేసి చెప్పకూడదు, మేం అసలే చెప్పం. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యలను విచారించిన పండిత్ సుందర్‌లాల్ బృందం, చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని అంచనా వేసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఎక్కువ. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. లెక్క తీర్చుకున్నది మాత్రం వరండాలో కూర్చున్నవాళ్ల దగ్గర. మా ఊరి ఉస్తాదు ఒక తెల్లవారుజామున భార్యాపిల్లలతో బండి కట్టుకొని పోయాడని, మళ్లీ రాలేదని చెబుతారు. తెలుగు పిల్లలకు తెలుగు దక్కింది, దక్కాల్సిందే. అదే ఊపులో ఉర్దూ బడిలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి ముసలివాళ్ల నోట్లోకి పోయింది.

ఇదంతా మాట్లాడుకున్నాక మేం చందా అడిగే తీరు మారింది. సంఘం రిజిస్టరు కావాలంటే చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. మొదట మేం నలుగురమే, నలుగురం సాయిబులమే. పట్వారీ గారి కొడుకు అయిదో సంతకం పెట్టాడు. దళితవాడ నుంచి ఒక పంతులమ్మ ఆరోది. ఏడోది మేస్త్రీ. ఆయన తాత ఆ గోడ కట్టినవాళ్లలో ఒకడట. కట్టినవాడి పేరు రాతి మీద లేదు, రిజిస్టరులోనూ లేదు. బడి సర్కారుది కాబట్టి విద్యాశాఖ వాళ్ల అనుమతి కోసం ఎన్నిసార్లు తిరిగామో రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

గోడ సంగతి మేస్త్రీ చెబితేనే మాకు తెలిసింది. ఎప్పుడో ఎవరో పాత సున్నం గోడకు సిమెంటు పూశారు. సున్నం గోడ తడిని పీల్చి మళ్లీ గాలికి వదులుతుంది. పైన సిమెంటు మూస్తే తడి లోపలే నిలిచి, ఉప్పు పట్టి, గోడ లోపలి నుంచి పొడి అవుతుంది. పైకి గట్టిగా కనిపిస్తుంది, కొడితే డొల్ల. ఆ సిమెంటంతా కొట్టేసి, మళ్లీ గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి పూయాలి. ఆలస్యం, ఖర్చు. కానీ వేరే దారి లేదు. చందా పైసల్లోనే కాదు, వస్తువుల్లోనూ వచ్చింది. ఒకరు బెల్లం ఇచ్చారు, ఒకరు ఇల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు ఇచ్చారు, కూలీ లేకుండా రెండేసి రోజులు పని చేసినవాళ్లున్నారు. దూదేకుల గల్లీ ఆడవాళ్లు తలా కొంత వేసి పంపి, మా పేర్లు కూడా రాయండి అని కబురు చేశారు. రాశాం. చందా, రసీదు, జమా, ఖర్చు, బాకీ, తారీఖు. మా పుస్తకంలో తెలుగు లిపిలో ఉన్న ప్రతి మాటా ఆ పాత బడి భాషలోంచి వచ్చిందే. మీ బడి అన్న వాడకట్టువాళ్లకు ఈ పుస్తకం చూపించాం. కొందరు నవ్వి ఇచ్చారు. కొందరు ఇవ్వలేదు.

తగాదా ఇంకా తీరలేదు. ఇప్పుడు రాయి దగ్గర ఆగింది. ఊళ్లో కొందరు, బడి బాగు చేస్తే చేయండి, ఆ నైజాము రాయి మీద సున్నం కొట్టండి అంటున్నారు. మావాళ్లలో కొందరేమో రాయికి బంగారు రంగు వేయించి, నిజాం సర్కారు దానమని పెద్దక్షరాలతో బోర్డు పెట్టాలంటున్నారు. మేం రెంటికీ ఒప్పుకోలేదు. ఆ బడి ఎవరి దానమూ కాదు. ఊరు కట్టిన శిస్తు అది, ఊరు మోసిన రాళ్లు అవి. రాయి ఉన్నది ఉన్నట్టు ఉండాలి. దాని కింద తెలుగులో ఒక పలక పెట్టాలి. ఈ బడి ఏ ఏడు కట్టారో, ఇందులో తెలుగు పిల్లలకు ఏ భాష దక్కలేదో, ఏ వాడల పిల్లలు లోపలికి రాలేదో, ఏ ఏడు ఉస్తాదు ఊరు విడిచాడో అన్నీ ఉండాలి. పలక మీద ఏ మాట ఉండాలని మూడు సమావేశాలయ్యాయి. నాలుగోది ఉంది. ఒక గది కప్పు పూర్తయింది, రెండు గదులు మిగిలాయి. పైసలు చాలవు.

మా ఊరి పేరు రాయడం లేదు. ఎందుకంటే ఇలాంటి బడి తెలంగాణలో చాలా ఊళ్లలో ఉంది. తలుపు మీద చదవరాని రాయి, బీరువాలో చదవరాని రిజిస్టరు. మీ ఊళ్లోనూ ఉంటే ముందు ఆ రిజిస్టరు వెతకండి. దాన్ని చదవగలిగిన ముసలాయన, ముసలమ్మ ఎవరున్నారో, ఏ కులమో ఏ మతమో చూడకుండా పోయి అడగండి. వాళ్లు ఎక్కువ కాలం ఉండరు. మీ పెద్దల పేర్లు అందులో ఉన్నాయో లేవో చూసుకోండి. లేకపోతే బాధపడి ఊరుకోవద్దు. లేవన్న సంగతే రాసి పెట్టండి.