నోరిల్స్క్‌కి వెళ్లేదెలా? మస్జిద్ ఫొటో చూసి టికెట్ కొనేముందు ఇది చదవండి

మంచులో నిలబడ్డ ఒక మస్జిద్ ఫొటో వాట్సాప్‌లో అప్పుడప్పుడు తిరుగుతుంటుంది. అది రష్యాలోని నోరిల్స్క్ నగరంలో ఉన్న నూర్ద్ కమాల్ మస్జిద్. 1998లో తెరిచారు. ఒక తాతార్ వ్యాపారి తన అమ్మానాన్నల పేర్లు కలిపి దీనికి పెట్టారు. ప్రపంచంలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న మస్జిద్‌గా దీనికి పేరు. మరి మన నల్గొండ, పాలమూరు నుంచి అక్కడికి వెళ్లగలమా?

నోరిల్స్క్ ఆర్కిటిక్ వలయానికి ఇంకా 300 కిలోమీటర్లు పైన ఉంటుంది. జనాభా సుమారు 1.75 లక్షలు, అంటే దాదాపు మన నల్గొండ పట్టణమంత. 1935లో స్టాలిన్ కాలపు ఖైదీల శిబిరంతో మొదలైన ఊరు. ఇప్పుడు నికెల్, పల్లాడియం గనులే దాని బతుకు. మనవాళ్లు గల్ఫ్‌కి పోయినట్టే అజర్‌బైజాన్, దాగెస్తాన్ ముస్లింలు అక్కడికి పనికోసం వెళ్లి స్థిరపడ్డారు. మిగతా రష్యాతో ఈ ఊరిని కలిపే రోడ్డు గానీ రైలు గానీ లేదు. ద్వీపంలో ఉన్నవాళ్లలా వాళ్లు మిగతా దేశాన్ని 'ప్రధాన భూభాగం' అని పిలుస్తారు!

అసలు అడ్డంకి దూరం కాదు, పర్మిట్. 2001 నుంచి నోరిల్స్క్‌లోకి విదేశీయులకు నేరుగా ప్రవేశం లేదు. రష్యా వీసా ఉన్నా చాలదు. అక్కడివాళ్లు ఎవరైనా ఆహ్వానించి దరఖాస్తు పెట్టాలి, దానికి భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీ ఒప్పుకోవాలి. వారాల తరబడి పడుతుంది. పర్మిట్ చేతిలోకి రాకముందే టికెట్ కొంటే డబ్బులు పోయినట్టే.

పర్మిట్ వచ్చిందనుకుందాం. నల్గొండ వాళ్లు ఎల్‌బీ నగర్ మీదుగా, మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ చేరాలి. అక్కడి నుంచి ఢిల్లీ లేదా దుబాయ్ మీదుగా మాస్కో. మాస్కో నుంచి నోరిల్స్క్‌కి విమానంలో నాలుగు గంటల పైనే. అలికెల్ విమానాశ్రయం ఊరికి దూరంగా ఉంటుంది. చలికాలంలో మంచు తుపాను లేస్తే విమానాలూ ఆగుతాయి, ఊరికెళ్లే రోడ్డూ మూసేస్తారు. యుద్ధం వల్ల మాస్కో విమానాశ్రయాలను కూడా అప్పుడప్పుడు ఆపేస్తున్నారు. అందుకే రెండు విమానాల మధ్య గంటలు కాదు, ఒక రోజు పెట్టుకోండి.

రెండో దారి నది. ఎండాకాలంలో మాత్రమే క్రాస్నోయార్స్క్ నుంచి యెనిసెయ్ నది మీద ఓడ దుదింకా రేవుకి పోతుంది. సుమారు 2,000 కిలోమీటర్లు, నాలుగు రోజులు. ఆ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది కాబట్టి పోయేటప్పుడు తొందరగా, వచ్చేటప్పుడు ఆలస్యంగా. దుదింకా నుంచి నోరిల్స్క్‌కి రోడ్డుంది. ఆ రెండింటి మధ్య రైలు పట్టాలు కూడా ఉన్నాయి గానీ సరుకులకే.

ఆర్కిటిక్ చూడటమే కోరిక అయితే నా లెక్కలో ముర్మాన్స్క్ మేలు. ఆర్కిటిక్ వలయం పైన అన్నిటికన్నా పెద్ద నగరం అదే. ఊళ్లోకి వెళ్లడానికి ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. 2023 ఆగస్టు నుంచి భారతీయులకు ఇస్తున్న ఈ-వీసా చాలు. మాస్కో నుంచి విమానంలో రెండున్నర గంటలు, రైల్లో అయితే ఒకటిన్నర రోజు. ఒక్క మాట, మన బ్యాంకుల వీసా, మాస్టర్ కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో నడవవు. నగదు తీసుకెళ్లాల్సిందే.

నమాజు వేళల సంగతి కూడా ముందే మీ ఆలిమ్‌ని అడిగి వెళ్లండి. నోరిల్స్క్‌లో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సుమారు 45 రోజులు సూర్యుడు కనిపించడు, మే చివర నుంచి జూలై దాకా అస్తమించడు. దగ్గరి ఊరి వేళలు పాటించాలని కొందరు ఉలమాలు, మక్కా వేళలని కొందరు చెబుతారు.

యాత్ర పేరుతో కాకుండా 'రష్యాలో పని' అని ఎవరైనా పిలిస్తే మాత్రం ఆగండి. హెల్పర్ ఉద్యోగాలని ఏజెంట్లు చెబితే నమ్మి వెళ్లినవాళ్లు ఉక్రెయిన్ యుద్ధంలోకి చేరారు. 2024లో హైదరాబాద్ యువకుడు ఒకరు అక్కడే చనిపోయారు. నారాయణపేట కుర్రాడు ఆ ఏడాది సెప్టెంబర్‌లో ప్రాణాలతో ఇల్లు చేరాడు. ఈ-వీసా మీద అక్కడ ఉద్యోగం చేయకూడదు. ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకున్నాకే పాస్‌పోర్టు చేతికివ్వండి.