రన్‌వే మీద రెండు నిమిషాలు

విమానం అనగానే మనమందరం రైట్ సోదరుల పేరు చెప్తాం. కానీ ఆ విమానం ఎప్పుడు లేవాలో చెప్పే కంట్రోలర్ చరిత్ర మన పాఠాల్లో ఉండదు. అందుకే ఈ వ్యాసానికి నేను ఆ విషయం తీసుకున్నాను.

1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్ విమానాశ్రయంలో ఆర్చీ లీగ్ అనే ఆయన్ని ఈ పనికి పెట్టుకున్నారు. ఆయనకు టవర్ లేదు, రేడియో లేదు. తోపుడు బండిలో కుర్చీ, గొడుగు, జెండాలు వేసుకుని మైదానంలోకి వెళ్లేవాడు. ఎర్రజెండా చూపిస్తే పైలట్ ఆగాలి, గళ్ల జెండా చూపిస్తే బయల్దేరాలి. అప్పటి విమానాలు చిన్నవి. ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూస్తే చాలు.

1969 ఫిబ్రవరి 9న బోయింగ్ 747 మొదటిసారి ఎగిరింది. నిండా బరువుతో లేస్తే అది 3 లక్షల కిలోలు దాటేది. అక్కడి నుంచి కొత్త సమస్య పెద్దదైంది. రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. అందుకని రెక్కల చివర్ల దగ్గర గాలి పైకి చుట్టుకుని, రెండు సుడులై విమానం వెనక మిగిలిపోతుంది. గోదావరిలో లాంచీ వెళ్లాక వెనకున్న చిన్న పడవ ఎలా ఊగిపోతుందో మనకు తెలుసు. ఇదీ అలాంటిదే, కాకపోతే గాలి సుడి కంటికి కనపడదు. విమానం ఎంత బరువుగా, ఎంత నెమ్మదిగా పోతుంటే సుడి అంత బలంగా ఉంటుంది.

1972 మే 30న టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ దగ్గర ఒక డీసీ-9 విమానం శిక్షణలో ఉండగా పెద్ద డీసీ-10 వెనకాలే దిగబోయింది. సుడిలో చిక్కి తిరగబడి కూలిపోయింది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. ఆ తర్వాత విమానాల మధ్య ఎడం గురించి నిబంధనలు గట్టిపడ్డాయి.

ఇప్పుడు అంతర్జాతీయ నియమం ప్రకారం 1,36,000 కిలోలు, అంతకన్నా ఎక్కువ బరువుతో లేవగల విమానాన్ని 'హెవీ' అంటారు. దాని వెనక మధ్యరకం విమానం లేవాలంటే 2 నిమిషాలు ఆగాలి. వెనకది రన్‌వే మధ్యలో నుంచి బయల్దేరితే 3 నిమిషాలు, ఎందుకంటే అది ముందుదాని సుడి ఉన్న చోటే లేచే ప్రమాదం ఉంది. 2007లో ప్రయాణికుల సేవకు వచ్చిన ఎయిర్‌బస్ ఏ380 వెనకైతే మధ్యరకం విమానం 3 నిమిషాలు ఆగాలి. రాడార్ ఉన్నచోట నిమిషాల బదులు మైళ్లలో కూడా ఎడం పాటిస్తారు.

ఎడం ఒక్కటే చాలదని కూడా చరిత్ర చెప్తోంది. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో ఒక 747 వెనక లేచిన ఎయిర్‌బస్ ఏ300కి సుడి తగిలింది. కంట్రోలర్ ఇచ్చిన ఎడం నిబంధన ప్రకారమే ఉంది. కానీ కో-పైలట్ రడ్డర్‌ను అవసరానికి మించి అటూ ఇటూ తొక్కడంతో తోక రెక్క ఊడిపోయింది. నేల మీద ఉన్నవాళ్లతో కలిపి 265 మంది చనిపోయారు. అందుకే పైలట్ల శిక్షణ కూడా మార్చారు.

అలాగని ఊరికే ఎక్కువసేపు ఆపినా నష్టమే, వెనక విమానాల వరస పెరిగిపోతుంది. 2012లో మెంఫిస్ విమానాశ్రయంలో విమానాలను బరువుతో పాటు రెక్కల పొడవు కూడా చూసి ఆరు రకాలుగా విడదీశారు. దాంతో ప్రమాదం లేని చోట ఎడం తగ్గించగలిగారు.

విమానం కదలకపోతే ప్రయాణికులు విసుక్కుంటారు. కానీ ఆ రెండు నిమిషాలు ఎవరో ఊరికే పెట్టినవి కావు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నాక మనిషి నేర్చుకున్న పాఠం అది. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదు, ఇలాంటి చిన్న నియమం వెనక కూడా చరిత్ర ఉంటుందని నాకు అనిపిస్తోంది.