ఎపాక్సీ రెసిన్ల ఫ్రంటల్ క్యూరింగ్

ద్రవరూపంలోని ఎపాక్సీ రెసిన్‌ను ఒక కొసన వేడితోగాని అతినీలలోహిత కాంతితోగాని రగిలిస్తే, అక్కడ పుట్టిన వేడి పక్క పొరను గట్టిపరుస్తుంది. ఆ పొర విడుదల చేసిన వేడి తర్వాతి పొరను గట్టిపరుస్తుంది. ఇలా బయటి వేడి అక్కర్లేకుండా రెండో కొసదాకా సాగే ప్రక్రియే ఫ్రంటల్ క్యూరింగ్. అగరుబత్తి కొన అంటిస్తే నిప్పు తనంతట తానే కిందికి పాకినట్టే ఇదీ పాకుతుంది, కాకపోతే ఇక్కడ నిప్పు ఉండదు. కదిలే ఆ పలుచని చర్యామండలాన్ని ‘ఫ్రంట్’ అంటారు.

ఉష్ణ ఆధారం

ఎపాక్సీ అణువులో రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి బిగువైన మూడు మూలల వలయంగా ఉంటాయి. ఆ వలయం తెగినప్పుడు వేడి పుడుతుంది. వాడుకలో ఎక్కువగా ఉన్న బిస్‌ఫినాల్-ఎ రకం రెసిన్‌లో ఇది గ్రాముకు సుమారు 500 జూళ్లు. ఈ వేడి బయటికి పోకపోతే రెసిన్ ఉష్ణోగ్రత 200 డిగ్రీలకు మించి పెరుగుతుంది.

చరిత్ర

ఎపాక్సీ రెసిన్లను 1930లలో జర్మనీలో పాల్ ష్లాక్, స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్తాఁ రూపొందించారు. ఫ్రంటల్ పద్ధతి పుట్టింది మాత్రం సోవియట్ యూనియన్‌లో. 1967లో అలెగ్జాండర్ మెర్జానోవ్ బృందం లోహాల పొడులలో తనంతట తాను పాకే దహనాన్ని గుర్తించింది. 1972లో చెచిలో, ఎనికొలోప్యాన్ తదితరులు మిథైల్ మెథాక్రిలేట్‌ను ఇదే తీరులో పాలిమర్‌గా మార్చారు. అదే దశాబ్దంలో సోవియట్ పరిశోధకులు ఎపాక్సీ–అమీన్ మిశ్రమాలనూ పరీక్షించారు. 1990లలో అమెరికాలో జాన్ పోజ్‌మన్ అధిక పీడనం అక్కర్లేకుండా సాధారణ పీడనం వద్దే ఫ్రంట్‌ను నడిపి ఈ రంగానికి కొత్త ఊపునిచ్చారు. 1997లో ఆయన బృందం ఫ్రంటల్‌గా గట్టిపడిన ఎపాక్సీని మామూలుగా గట్టిపడినదానితో పోల్చి చూసింది.

రెండు ట్యూబుల జిగురులా అమీన్ కలిపే రెసిన్‌కు ఇక్కడొక చిక్కుంది. కలిపిన క్షణం నుంచే అది మెల్లగా చిక్కబడుతుంది కాబట్టి ఫ్రంట్ చేరేలోపే ముందున్న రెసిన్ పాడవుతుంది. మామూలు ఉష్ణోగ్రతలో నిద్రపోయి, వేడి తగలగానే మేలుకునే ప్రారంభకాలు కావలసివచ్చాయి.

2004లో ఇటలీలోని సస్సారీ విశ్వవిద్యాలయంలో అల్బెర్తో మరియాని బృందం అతినీలలోహిత కాంతితో ఎపాక్సీ ఫ్రంట్‌ను రగిలించింది. 2015లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిస్కా, పాట్రిక్ క్నాక్ బృందం ఈ మార్గాన్ని మెరుగుపరిచింది. పైపొరలో అయోడోనియం లవణం కాంతికి విడిపోయి చర్యను మొదలుపెడుతుంది. ఆ వేడికి, లోపలి పొరల్లోని రెండో ప్రారంభకం తెగి రాడికల్స్‌ను (చురుకైన అణుశకలాలను) ఇస్తుంది. అవి అక్కడి లవణాన్ని విడగొట్టి, వలయాలను తెరిచే కాటయాన్లను (ధనావేశ కణాలను) పుట్టిస్తాయి.

ఫిల్లర్ల పాత్ర

కాంతి లోపలికి చొరని చోటికి వేడి చొరగలదు కనుక, వియన్నా బృందం మార్గంతో ఫిల్లర్లు (రెసిన్‌లో కలిపే పొడుల వంటి పదార్థాలు) నిండిన మందపాటి ముద్దలనూ గట్టిపరచే వీలు కలిగింది. వియన్నా, టూరిన్ పరిశోధకులు ఫిల్లర్లు, గాజు నార, కార్బన్ నార కలిపిన ఎపాక్సీలపై దీన్ని ప్రయోగించారు.

ఫిల్లర్ చర్యలో పాల్గొనదు, పుట్టిన వేడిలో మాత్రం వాటా తీసుకుంటుంది. మోతాదు పెరిగేకొద్దీ ఫ్రంట్ చల్లబడి నెమ్మదిస్తుంది, ఒక హద్దు దాటితే ఆగిపోతుంది. అలాగని ఫిల్లర్ అడ్డంకి మాత్రమే కాదు. అతిసన్నని సిలికా పొడి కొద్దిగా కలిపితే రెసిన్ జెల్లీలా నిలిచి, వేడెక్కిన ద్రవం పైకి లేచి ఫ్రంట్‌ను చెదరగొట్టకుండా కాపాడుతుంది. అల్యూమినియం పొడి, కార్బన్ నార వంటి ఉష్ణవాహకాలు వేడిని ఫ్రంట్ కంటే ముందుకు చేరవేస్తాయి. మోతాదు కుదిరితే వాటివల్ల వేగం పెరుగుతుంది.

పరిమితులు

ఉష్ణోగ్రత మితిమీరితే బుడగలు, పగుళ్లు వస్తాయి. పలుచని పొరను లోహపు అచ్చులో పోస్తే అచ్చు వేడిని లాగేసి ఫ్రంట్‌ను ఆర్పేస్తుంది. నార ఎక్కువగా ఉండే విమాన భాగాలను గట్టిపరచడానికి నేటికీ ప్రధానంగా ఓవెన్లు, ఆటోక్లేవ్‌లే (అధిక పీడనంతో వేడిచేసే పాత్రలే) వాడుతున్నారు.